తీసుకోని కిరాయి

రాస్ అల్ ఖైమాలో అద్దెకుండేవాళ్లు పోలీసులకు ఎంత భయపడతారో ఫైజాకూ అంతే భయపడతారు. నఖీల్‌లో ఒక అరబ్బు కుటుంబానికి ఉన్న భవనాలన్నిటికీ కిరాయి వసూళ్లు చూసేది ఆమే. ఒప్పందం రాసుకున్న రోజునే ఏడాదికి సరిపడా ముందు తేదీల చెక్కులు తీసుకుని సొరుగులో పెట్టుకుంటుంది. చెక్కు తిరిగొచ్చిందంటే మర్నాడు పొద్దున్నే వెళ్లి తలుపు కొడుతుంది. పిల్లాడికి జ్వరమనో, పనిలో పెట్టుకున్న కఫీల్ జీతం ఆపాడనో, ఊళ్లో తల్లి పోయిందనో వాళ్లు చెప్పేది ఓపిగ్గా చివరిదాకా వింటుంది. విన్నాక "ఖలాస్" అంటుంది. అంటే కట్టు, లేకపోతే ఖాళీ చెయ్యి అని. అందుకే ఆమెకు ఖలాస్ మేడం అని పేరొచ్చింది. ఆ పేరు తన చెవినా పడింది. పడ్డందుకు బాధపడలేదు సరికదా, ఆఫీసు పెద్ద ముదీర్ నోట విన్నరోజు లోలోపల మురిసింది కూడా.

అంత గట్టి మనిషి జన్మలో ఒక్కసారి, ఒక్క మనిషి దగ్గర కిరాయి వద్దంది.

ఆ మనిషి మేనత్త జైబున్నీసా. ఉదయగిరిలో తమ్ముడు తారిఖ్ పుట్టిన పురిట్లోనే తల్లి పోతే, అప్పటికి పెళ్లికాని జైబున్నీసా అన్న పిల్లలిద్దరినీ చెరో చంకన వేసుకుంది. సంబంధాలు వచ్చేవి, పిల్లలను చూసి వెనక్కి పోయేవి. చివరికి లండన్‌లో బస్సు నడిపే ఒకాయన, భార్య పోయినవాడు, అన్నీ తెలిసే చేసుకున్నాడు. ఊరు విడిచే రోజు ఆమె వెనక్కి తిరిగి చూడలేదనీ, చూస్తే ఆగిపోయేదనీ ఫైజా ఇప్పటికీ చెబుతుంది. ఆమెను ఫుప్పు అని పిలిచేది. నోరు తెరిస్తే ముందు వచ్చే మాట అదే.

ఆయన పోయాక లండన్ శివారు హౌన్స్లోలో, విమానాలు పెంకుల్ని రాసుకుంటూ దిగే వీధిలో, ఇల్లొకటి మిగిలింది. పిల్లలు లేరు, అన్న ఎప్పుడో పోయాడు. పోయాక పంచుకుంటే తమ ధర్మం ప్రకారం అన్న కొడుకు తారిఖ్‌కే వాటా వస్తుంది గానీ, అన్న కూతురికి రాదు. అందుకని జైబున్నీసా బతికుండగానే ఇల్లు ఫైజా పేరున రాయాలనుకుంది. తారిఖ్ అడ్డు చెప్పలేదు. ఖోర్ ఫక్కాన్ రేవులో క్రేన్ నడిపే తారిఖ్‌కు అక్కంటే ప్రాణం. పైగా ఫైజాకు సొంత ఇల్లు లేదు. భర్త ఖాజా రాతి క్వారీలో లారీ నడుపుతాడు. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా పరాయి గోడల మధ్య కాపురం చేస్తున్నారు. వీసా అయిపోయిన రోజున ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. ఊరందరి ఇళ్లకు తాళాలు వేసే మనిషికి తాళం వేసుకోవడానికి తనదంటూ ఒక తలుపు లేదు.

2017లో ఫైజా విజిట్ వీసా మీద హౌన్స్లో వెళ్లింది. అక్కడి సాలిసిటర్ దగ్గర కాగితాలన్నీ పద్ధతిగా జరిగాయి, ఇల్లు ఆమె పేరున రిజిస్టరయింది. అయినా జైబున్నీసాకు తృప్తి లేదు.

"కాయితం వాళ్లకు. హిబా మనకు," అంది. "ఇచ్చేవాళ్లు ఇంట్లోంచి బయటికి రావాల. పుచ్చుకునేవాళ్లు లోపల నిలబడాల. అట్టా చేస్తేనే దానం చెల్లేది. మా అబ్బాజాన్ మడి రాసిచ్చినప్పుడు గూడా గట్టు దిగి నిలబడినాడు."

చెప్పినట్టే ఒక పెట్టె, నమాజుకు పరుచుకునే జానమాజు, ఇడ్లీ పాత్ర పట్టుకుని వీధిలోకి వెళ్లి నిలబడింది. చినుకులు పడుతున్నాయి. ఎదురింటి పంజాబీ ఆవిడ కిటికీ తెర తొలగించి, పాపం ముసలామెను వెళ్లగొట్టారనుకుని నోటి మీద చెయ్యేసుకుంది. జైబున్నీసా అదేమీ పట్టించుకోకుండా తలుపు మూయించింది, తర్వాత బయటి నుంచి తట్టింది.

"ఇంటామె ఉందా?"

ఫైజాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తలుపు తీసి, అత్త చేతిలో పెట్టె అందుకుని, "రా ఫుప్పూ. ఇది నీ ఇల్లే," అంది.

ఎవరైనా అదే అంటారు. గడపలోకి వచ్చినవాళ్లతో ఇంకేమంటారు?

లోపలికి వచ్చి తడి చెంగు పిండుకుంటూ జైబున్నీసా, "నెలకు కిరాయి ఎంతో చెప్పమ్మే. నేనిస్తా," అంది. ఫైజా చెవులు మూసుకుంది. సాయంత్రం టీ తాగుతూ ఆమె మళ్లీ అంది. మర్నాడు విమానాశ్రయానికి వెళ్లే దారిలోనూ అంది. "ఊరికే ఉంటే బాగుండదు తల్లీ. ఎంతో కొంత గాదు, బయట రేటెంతుంటే అంతా ఇస్తా." ఫైజాకు నిజంగానే కోపం వచ్చింది. "కిరాయి మాట ఇంకోసారెత్తినావంటే నీ గడప తొక్కను ఫుప్పూ. నేను నీకాడ కిరాయి తీసుకునేదా? మనిషినేనా నేను?" జైబున్నీసా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

కొన్నేళ్లకు ఫైజా కూతురు షాహీన్ నర్సింగ్ చదవడానికి లండన్ వెళ్లి ఆ ఇంట్లోనే దిగింది. చదువైపోయి ఆసుపత్రిలో ఉద్యోగం కూడా దొరికింది. తల్లిని పెంచిన చేతులే కూతురికీ ముద్దలు కలిపి పెట్టాయి. 2025 చలికాలంలో ఒకరోజు తెల్లవారి నమాజుకు లేచి, జానమాజు మీదే జైబున్నీసా వెళ్లిపోయింది. ఫైజా ఆ వార్త ఆఫీసులో విన్నది. ఎదురుగా గడువు అడగడానికి వచ్చిన బంగ్లాదేశీ దర్జీ కూర్చుని ఉన్నాడు. ఆమె అతన్ని చూసి, "వచ్చే నెల ఇవ్వు," అంది. దర్జీ నమ్మలేక కాసేపు అక్కడే కూర్చున్నాడు.

దుఃఖం దుఃఖమే. అయినా ఇంటి గురించి ఎవరికీ దిగులు లేదు. ఇంగ్లండులో ఎవరైనా పోతే ఆస్తి మీద ప్రభుత్వం వారసత్వ పన్ను వేస్తుందనీ, బతికుండగా ఇచ్చేసి ఏడేళ్లు గడిస్తే ఇచ్చినదాని జోలికి రాదనీ తారిఖ్ ఎక్కడో విని వచ్చి ఎప్పుడో చెప్పాడు. ఏడేళ్లు నిండినప్పుడు ఖోర్ ఫక్కాన్ నుంచి హల్వా కూడా తెచ్చాడు. ఆ హల్వా ఫొటో చూసి జైబున్నీసా ఫోన్లో నవ్వింది. ఆ నవ్వు తృప్తి వల్ల అనుకున్నారు అందరూ.

కాగితాలు పూర్తి చేయడానికి ఫైజా బస్సెక్కి దుబాయ్ వెళ్లింది. విదేశీ ఆస్తుల వ్యవహారాలు చూసే ఆఫీసుకు నకళ్లు ముందే పంపింది; అక్కడ ప్రేమ అనే కాకినాడమ్మాయి ఉంది. తెలుగు వినబడేసరికి ఫైజాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది.

"ఇక్కడ మీకు పన్ను లేదండీ. ఇండియాలోనూ లేదు, ఎప్పుడో ఎత్తేశారు," అంది ప్రేమ. "కానీ ఇల్లు వాళ్ల నేల మీదుంది కదా. పుచ్చుకున్నవాళ్లు ఏ దేశంలో ఉన్నా వాళ్ల లెక్క వాళ్లు వేస్తారు."

"ఇచ్చి ఏడేళ్లు దాటిపోయింది గదమ్మా."

"దాటిందండీ. ఒక్కటే అడగాలి. ఇల్లు మీ పేరు మీదకి వచ్చాక ఆవిడ ఎక్కడున్నారు?"

"ఇంకేడుంటది? ఆ ఇంట్లోనే."

"మీకు కిరాయి ఇచ్చేవారా?"

ఫైజా ముందు నవ్వింది. ప్రేమ నవ్వకపోయేసరికి ఒళ్లు మండింది. "పెంచిన మనిషికాడ కిరాయి తీసుకుంటారా ఎవురన్నా? నువ్వు తీసుకుంటావా మీ అమ్మకాడ?"

"తీసుకోనండీ. నా ఇల్లు అక్కడుంటే నాకూ ఇదే గతి," అంది ప్రేమ శాంతంగా. "ఇచ్చేశానంటూ ఊరికే అందులోనే ఉంటే వాళ్ల చట్టం ఇచ్చినట్టు ఒప్పుకోదు. పోయేనాటికి ఆ ఇల్లు ఆవిడదే అంటుంది. కొంత విలువ దాకా మినహాయింపు, ఆ పైనదాంట్లో నూటికి నలభై. కట్టాల్సింది ఇల్లు పుచ్చుకున్నవాళ్లు, అంటే మీరే. బయట రేటుకి నెలనెలా కిరాయి తీసుకునుంటే మాత్రం ఇవాళ ఈ పన్నే లేదండీ."

ప్రేమ ఫైలులో ఒక కాగితం తిప్పి మళ్లీ అంది.

"అప్పుడు కాగితాలు రాసిన సాలిసిటర్‌తో మొన్న మాట్లాడాను. ఈ సంగతి ఆయన ఆవిడకి ముందే చెప్పాడంటండీ. మీరెళ్లిపోయాక ఆవిడ మళ్లీ ఆయన దగ్గరికి వచ్చి, 'అడిగి చూశాను. కారణం చెప్తే ఒప్పుకునేదేమో. డబ్బు మిగలడం కోసం నా కిరాయి తీసుకున్నానని జీవితమంతా కుమిలిపోతుంది, వద్దులే' అందంట."

రాస్ అల్ ఖైమాకు తిరుగు బస్సులో ఫైజా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫుప్పు మూడుసార్లు అడిగింది. మర్యాదకు ఎవరూ మూడుసార్లు అడగరు, బయట రేటని పట్టుబట్టరు. అడ్డమైన సాకులన్నీ చివరిదాకా వినే తాను, ఆ ఒక్క మనిషి మాట సగంలోనే ఆపేసింది. సిగ్గూ దుఃఖమూ ఏది ఎంతో తెలియకుండా కలిసిపోయాయి, చెంగుతో కళ్లు తుడుచుకుంది. పక్క సీటులోని ఫిలిప్పీనో అమ్మాయి నీళ్ల సీసా అందిస్తే తీసుకుని తాగింది.

శుక్రవారం తారిఖ్ వచ్చాడు. జరిగింది విని కాసేపు తల పట్టుకున్నాడు. అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. అంటే ఇల్లు అమ్మాలి, షాహీన్ ఖాళీ చెయ్యాలి, ఫైజా పేరున ఉన్న ఒకే ఒక్క తలుపు పోవాలి. అక్క వైపు తల ఎత్తేసరికి అతని కళ్లలో వెలుగు కనిపించింది.

"ఆపా, నీ పనే అది గదా! పాత తేదీ వేసి కిరాయి ఒప్పందం ఒకటి రాయి. నెలనెలా వచ్చేపోయేవాళ్ల చేతికి నోట్లు ఇచ్చి పంపిందని రాయి. ఖలాస్."

"ఫుప్పు సంతకం?"

"ఉర్దూలో నాలుగు గీతలు. నేర్చుకునేదెంత సేపు?"

"దొరికితే?"

"ఎవురు దొరకబట్టేది? సచ్చిపోయిన మనిషిని పిలిచి అడగతారా?"

ఖాజా టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన తక్కువగా మాట్లాడతాడు. "గుట్టను పగలగొట్టి రాయి తీస్తే, ఆ రాయిని మోసే లారీకి గూడా ఈడ టోల్ కడతాం," అన్నాడు. "కట్టకుండా పోయే దారుంటే ఈ పాటికి మాకు తెలిసేది." తారిఖ్ ఆ మాట చెవిన వేసుకోలేదు. నిజం చెప్పాలంటే ఫైజా కూడా వేసుకోలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఆమె సొరుగులోంచి ఖాళీ ఒప్పందం తీసింది. తప్పని ఆమెకు తెలుసు. ఆమె పుణ్యాత్మురాలేమీ కాదు, చేతికందిన ఇల్లు నోటికి అందకుండా పోతుంటే చూస్తూ ఊరుకునే రకమూ కాదు. నిద్రలో కూడా నింపగల కాగితం అది. యజమాని అన్నచోట తన పేరు రాసింది. కిరాయిదారు అన్నచోట జైబున్నీసా అని రాసింది. కలం చకచకా సాగింది.

అలవాటు కొద్దీ కింది షరతులు కూడా చదివింది. కిరాయిదారుకు చదివి వినిపించకుండా ఆమె ఏనాడూ సంతకం పెట్టించుకోలేదు. ఎదుట ఎవరూ లేకపోయినా పెదవులు కదిలించి చదివింది. గోడలకు మేకులు కొట్టరాదు. ఫుప్పు ఆ ఇంటి గోడలకు ఎన్ని మేకులు కొట్టిందో! ఫైజా బడి ఫొటో, తారిఖ్ సున్తీ ఒడుగుల ఫొటో, షాహీన్ నర్సు యూనిఫాం ఫొటో. కిరాయిదారు బయటివారిని ఇంట్లో ఉంచుకోరాదు. షాహీన్‌కు ముద్దలు కలిపి పెట్టింది ఆ ఇంట్లోనే. కిరాయి తప్పితే, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే హక్కు యజమానికి ఉంది.

ఈ షరతు చేతపట్టుకుని ఫైజా ఎన్నో తలుపులు కొట్టింది. పరుపులు, గ్యాసు పొయ్యిలు, పిల్లల సైకిళ్లు మెట్ల మీద పెట్టించింది. ఇప్పుడు ఆ మెట్ల మీద పెట్టె, జానమాజు, ఇడ్లీ పాత్ర పట్టుకుని ఫుప్పు నిలబడి ఉన్నట్టు కనిపించింది. ఇద్దరు తల్లిలేని పిల్లలను మోసిన మనిషిని కిరాయిదారు అనడం ఆమె బతికుండగా ఫైజాకు ఇష్టంలేకపోయింది. పోయాక, జవాబు చెప్పడానికి నోరు కూడా లేని రోజున, అంటుందా? ఆమె ఒప్పందాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. తారిఖ్‌కు ఫోన్ చేసి, "రాయను. ఖలాస్," అని పెట్టేసింది.

ప్రేమకు ఉన్నదున్నట్టు చెప్పింది. "కిరాయి తీసుకోలేదు. ఆమె తన ఇంట్లో ఉన్నట్టే ఉండింది. నేనే అన్నా, ఇది నీ ఇల్లేనని. అట్టే రాసుకోమను."

"అలాగే రాస్తానండీ," అంది ప్రేమ. "అమ్మకుండా ఉంచుకుంటే ఒక దారుంది. పన్ను పదేళ్ల పాటు ఏటా ఒక వాయిదా చొప్పున కట్టచ్చు. వడ్డీ పడుద్ది. ఇంటి మీద ఏమన్నా రాబడుంటే గట్టెక్కుతారు."

రాబడి అనగానే ఫైజా వెన్ను నిటారుగా అయింది. అది ఆమెకు తెలిసిన విద్య. ఆ ఇంట్లో మూడు గదులు. రెండింట్లో షాహీన్ ఆసుపత్రి నర్సులను పెట్టొచ్చు. లెక్క వేసింది. వాయిదాకు చాలలేదు. మళ్లీ వేసింది. మూడో గదికీ కిరాయి వస్తేనే చాలుతుంది. మూడో గదిలో ఉండేది షాహీన్.

పదేళ్లు. అత్త దగ్గర తీసుకోని కిరాయి పదేళ్ల పాటు కూతురి దగ్గర తీసుకుని ఇంగ్లండు దొరలకు కట్టాలి. ఫైజాకు దేవుడి మీద కోపం రాలేదు, ఇంగ్లండు మీదా రాలేదు. తను అద్దెకుండేవాళ్లతో ఎప్పుడూ అనే మాటే గుర్తొచ్చింది: ఇవాళ తప్పించుకున్న కిరాయి రేపు రెండింతలై వస్తుందని.

ఆ సాయంత్రం షాహీన్‌కు ఫోన్ చేసింది. పిల్ల డ్యూటీ దిగి వచ్చి వంటింట్లో ఉంది, వెనక కుక్కర్ కూత పెడుతోంది. విషయమంతా విడమరిచి చెప్పి, రెండు గదులకు మనుషులను చూడమంది. షాహీన్ సరేనంది.

"మూడో గదికి నువ్వియ్యాల," అంది ఫైజా.

"ఏందమ్మీ?"

"కిరాయి. బయట రేటు. ఒక పౌండు గూడా తక్కువ తీసుకోను."

షాహీన్ పకపకా నవ్వింది. తల్లి నవ్వలేదని తెలిసేసరికి నవ్వు ఆగింది. కుక్కర్ ఇంకో కూత పెట్టింది.

"నాకాడ గూడానా అమ్మీ?"

"నీకాడ గూడా."

"నానీ ఉన్నన్నాళ్లు ఎంత హాయిగా ఉండింది ఈడ!" అంది షాహీన్ నెమ్మదిగా. ఫుప్పును ఆమె నానీ అని పిలిచేది. "సరేలే, ఇస్తా. ఇంకేముంది, ఈ ఇల్లు నాది గాదన్నమాట. పొద్దున లేచి తలుపు తట్టి లోపలికి రావాలా నేను?"

ఆ పిల్ల ఎగతాళికే అంది. కానీ చివర గొంతు తడబడింది, దాన్ని ఫైజా విన్నది. తల్లికి ఒకటే మాట నాలుక మీదకు వచ్చింది. అదేం మాట తల్లీ, అది నీ ఇల్లే గదా. పళ్ల దాకా వచ్చింది. ఏ తల్లయినా ఆ చోట ఆ మాటే అంటుంది, అనకపోతే తల్లి కాదు.

ఒకసారి ఫుప్పుతో ఆ మాట అన్న ఫైజా ఈసారి నోరు గట్టిగా మూసుకుంది.

"ఒకటో తేదీకి పంపు," అని ఫోన్ పెట్టేసి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.